కుడిచేతి గాజులు

ఏడో నెల వచ్చాక మా నాగలక్ష్మికి గిటారు ఒళ్ళో నిలవడం లేదు. పొట్ట అడ్డమొచ్చి అది ఒక పక్కకి జరిగిపోతుంది, గిటారు కోసం పెట్టిన మైకు ఇంకో పక్కన ఉండిపోతుంది. హనుమాన్ జంక్షన్‌లో పాడినప్పుడు దాని గొంతు వినబడింది గాని గిటారు వినబడలేదు. "పిల్ల వాయిస్తోందా, ఊరికే పట్టుకుందా?" అని నా వెనకాల కూర్చున్నావిడ అడిగింది.

ఈసారి కార్యక్రమం విజయవాడలో, పెద్ద హాల్లో. బోర్డు మీద దాని పేరొక్కటే వేయడం ఇదే మొదలు. "పురుడయ్యాక మళ్ళీ ఎప్పుడు పాడతానో అమ్మా, ఇదొక్కటీ బాగా జరగాలి" అంటూనే ఉంది. అందుకే ఆ రోజు పొద్దున్నే గిటారుకి పికప్ పెట్టించడానికి వన్ టౌన్‌లో అంతోని షాపుకి వెళ్ళాం. నేను, నాగలక్ష్మి, దాని అత్తగారు వీరమ్మ వదిన.

అంతోని గిటారు అడుగున చిన్న రంధ్రం చేశాడు. తీగలు బిగించిన చోట, చెక్కకి లోపలివైపు, రూపాయి బిళ్ళంత పికప్ రేకు అతికించాడు. దాని వైరు బయటికి తీసి స్పీకరుకి కలిపాడు.

"ఇంక గిటారుకి మైకుతో పన్లేదమ్మా. మీరు ఎటు తిరిగి కూర్చున్నా పర్లేదు. ఈ చెక్క మీద ఏం కదిలినా బయటికి వినబడుద్ది" అన్నాడు.

నాగలక్ష్మి మీటింది. తీగల మోతతోపాటు ఎవరో స్టీలు గిన్నెలు దొర్లించినట్టు చప్పుడు. మళ్ళీ మీటింది. మళ్ళీ గిన్నెలే.

"గాజులండి. చెక్కకి కొట్టుకుంటున్నాయి. కుడిచేతివి తీసేయండమ్మా" అన్నాడు అంతోని.

"తీసెయ్యడానికి అవేమన్నా వాచీలా బాబూ?" అంది వీరమ్మ వదిన. "సీమంతం గాజులు. పురుడొచ్చేదాకా తియ్యకూడదు."

నాగలక్ష్మి గిటారు పక్కన పెట్టేసింది. "అయితే పాడనని ఫోన్ చేసేస్తాను" అంది. పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

అంతోని ఒక మెత్తటి గుడ్డ పేలిక తెచ్చిచ్చాడు. "తియ్యకపోతే దీంతో కట్టెయ్యండి. కదలకుండా ఉంటే మోగవు."

నాగలక్ష్మి చెయ్యి నా వైపు చాపింది. "అమ్మా, నువ్వు కట్టు."

నేను రెండు చేతులూ కొంగులో దాచుకున్నాను. ఆ గాజులు తొడిగినవాళ్ళలో నేను లేను. భర్త పోయినదాన్ని గనక సీమంతమంతా వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని చూశాను. అలాంటి చేతులతో ఇప్పుడు ముట్టుకుంటే, రేపు బిడ్డకి ఏమన్నా అయితే? ఆ మాట పైకి అనలేక, "మీ అత్తయ్య కడతారులే" అన్నాను.

"నేను బండికి చేపల గంప కడితే హైవే మీద విడిపోద్ది, ఊరందరికీ తెలుసు" అంది వీరమ్మ వదిన. "నువ్వు కట్టు వదినా."

"బాగోదేమో వదినా."

"ఆ రోజు నిన్ను కూర్చోమంది నేనే గదా. ఇవాళ లెమ్మంటున్నదీ నేనే. పిల్ల ఏడుస్తంటే చూస్తా కూర్చుంటావా?"

లేచాను. గాజులన్నీ ఒకచోటికి జరిపి పట్టుకున్నాను. దాని ఒంటి వేడికి అవీ వెచ్చగా ఉన్నాయి. ఎక్కడ చిట్లుతాయోనని వదులుగా కట్టాను. అది మీటి చూసింది. ఒక గాజు ఇంకా టిక్కుమంటోంది.

"గట్టిగా కట్టమ్మా. ఏం కాదు."

ముడి విప్పాను. ఈసారి వీరమ్మ వదిన మొహం వంక చూడలేదు. గాజుల మధ్య సందు లేకుండా గుడ్డ చుట్టి బిగించాను. నాగలక్ష్మి పాట ఎత్తుకుంది. స్పీకర్లోంచి గిటారు ఒక్కటే, శుభ్రంగా వచ్చింది.

"సాయంత్రం నేను కింద కూర్చుంటా" అంది వీరమ్మ వదిన, ముక్కు తుడుచుకుంటూ. "నువ్వు మాత్రం స్టేజీ ఎక్కి దాని పక్కనే ఉండు వదినా. ముడి జారితే మళ్ళీ కట్టాలిగా."