చెదలు తినని పుస్తకము

శ్రావణమేఘములు సముద్రముపైనుండి గుంపులు గుంపులుగా నెగసివచ్చి బందరు పట్టణపు మేడలను పెంకుటిండ్లను మసకచీకటిలో ముంచి మధ్యాహ్నమునే మునిమాపుగా నొనర్చియుండెను. ఎడతెగని వర్షధారాపాతమున వీథులు కాలువలై కాలువలు వీథులపైకి పొరలి ప్రవహించుచుండ, లవణానిలస్పర్శచే నుబ్బిన ద్వారకవాటములు మూసినవి తెరువరాక తెరచినవి మూయరాక గృహస్థులను విసిగించుచుండెను. వంటయిండ్లలో ఉప్పు నీరుగారినది. అగ్గిపుల్లలు మెత్తబడినవి. అట్టి వేళ ఇనగుదురుపేటలోని యొక పెంకుటింటి వసారాయందు పడకకుర్చీలో నాసీనులై విశ్రాంత తెలుగుపండితులగు ముక్తేవి భాష్యకారాచార్యులవారు తమ యొడిలోని యొక చిన్న నల్లని పలకను, క్రొత్తకోడలిని అత్తగారు చూచినట్లు, ఎగాదిగ చూచుచుండిరి.

దానిని ఈ-రీడరందురు. తెచ్చియిచ్చినది తాడంకి హైమవతి. ఆమె చిన్ననాడు ఆచార్యులవారియొద్ద చదువుకొని పిదప తానును ఉపాధ్యాయినియై ఉద్యోగవిరమణానంతరము ఇల్లిల్లు తిరిగి శిథిలమగుచున్న పాతపుస్తకములను అడిగి తెచ్చి పుటపుటకు ఫోటోలు తీసి యిట్టి పలకలలో నెక్కించి కోరినవారి కెల్ల నూరక యిచ్చుటయే వ్రతముగా పెట్టుకొన్నది. గురువుగారి కన్నులు మసకబారినవని విని ఆనాటి యుదయమున తానే వచ్చి, "అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చు మాస్టారూ. ఇక భూతద్దంతో పని లేదు" అని చెప్పి, మీటలు చూపి, వాన పెద్దది కాకమునుపే వెడలిపోయెను.

ఆచార్యులవారికి యంత్రములయెడ నంత సదభిప్రాయము లేదు. సెల్‌ఫోనును వారు కర్ణపిశాచి యనియే వ్యవహరింతురు. అయినను పలకను చేతబట్టినంతనే వారి మనసు కొంత మెత్తబడెను. బరువు చూడగా తమలపాకులకట్టంతయు లేదు. వీపు గరుకుగానుండి చేతినుండి జారకుండెను. తెర కన్నులలో వెలుగును గ్రుచ్చక బూడిద కలిసిన తెల్లదనముతో పాతపత్రికల కాగితమువలె చల్లగానుండెను. పుట త్రిప్పినపుడెల్ల తెరయంతయు రెప్పపాటు నల్లబడి పిదప అక్షరములు తేలివచ్చుచుండెను. తొలిసారి యా నలుపును చూచి, తెచ్చిన పూటనే పాడుచేసితిననుకొని వారు దానిని గబాలున ఒడిలో బోర్లించిరి. తర్వాత నలవాటయ్యెను.

లోపములును లేకపోలేదు. కొన్ని పుస్తకములలో వత్తులు తమ యక్షరములతో పొత్తుకుదరక ప్రక్కకు జరిగి నిలిచినవి. వెదకుటకై యొక మాటను మీటబోగా పలక తాపీగా నాలోచించి యాలోచించి యొక్కొక్క యక్షరమును చూపుచుండెను. ఎంత చదివితిమో యెంత మిగిలెనో వ్రేళ్లకు తెలియదు. వాసన లేదు. "వంట ఉన్నది, పోపు లేదు" అని ఆచార్యులవారు గొణిగిరి. అలవాటుచొప్పున చూపుడువ్రేలిని నాలుకకు తాకించి పుట త్రిప్పబోగా తడివ్రేలికి పలక తికమకపడి పుటలను గబగబ దొర్లించెను. తలుపు చాటుననుండి చూచుచున్న ఆండాళమ్మగారు, వారి ధర్మపత్ని, నవ్వు నాపుకొనలేదు.

"దానికి ఎంగిలి పనికిరాదు కాబోలు. మీకంటే మడి ఎక్కువలాగుంది" అనిరి.

ఆ పలకలో చేరియున్న పుస్తకముల పట్టికను చూచిన కొలది వారికి నిజముగనే ఆనందము కలిగెను. యౌవనమున ఊరూరు తిరిగియు సంపాదింపలేకపోయిన గ్రంథము లెన్నియో అందుండెను. భక్త్యావేశమున, పుస్తకమును అద్దుకొనునట్లే, పలకను రెండుచేతుల నెత్తి కన్నుల కద్దుకొనిరి. వారి నుదురు తెరకు తగిలినది. దింపి చూచునప్పటికి పట్టిక లేదు. దాని స్థానమున హైమవతి తన గ్రంథమాలకు వ్రాసికొన్న ముందుమాట విచ్చుకొనియుండెను. శిష్యురాలి వ్రాత గదా యని వారు మురిపెముతో చదువసాగిరి. నడుమ నిట్లున్నది:

"మా నాన్నగారు నాగభూషణదాసుగారి హరికథల సంపుటంతో ఈ మాల మొదలుపెట్టాలని నా కోరిక. ఆ పుస్తకం ఎక్కడా దొరకలేదు. నాన్నగారు సంతకం చేసి మా గురువుగారు భాష్యకారాచార్యులవారికి ఇచ్చిన ప్రతి ఒక్కటే మిగిలిందని తెలిసి వెళ్లి అడిగాను. అది చెదలపాలైందట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన తలెత్తి నా ముఖం చూడలేకపోయారు. నాకంటే ఆయనకే ఎక్కువ దుఃఖం కలిగింది. పుస్తకాలను అంతగా ప్రేమించేవారిని నేను మరొకరిని చూడలేదు."

ఆచార్యులవారి చెవులు వేడెక్కెను. ఆ పుస్తకమును చెదలు తినలేదు. గడచిన యేడు హైమవతి వచ్చి యడిగిన పూట అది ఆ గోడకవతలనే, భోషాణములో, పట్టుగుడ్డచుట్టి భద్రముగ నుండెను.

పరహస్తగతమైన పుస్తకము పోయినదే యను పెద్దలమాటను పట్టుకొని వారు జీవితములో నెన్నడును ఎవరికిని పుస్తక మెరువిచ్చినవారు కారు. ఫోటోలకై వెన్ను విరిచి పరుతురనియు దారములు తెగుననియు ఆనాడు తమలో తాము చెప్పుకొనిరి. కాని యది పైమాట. లోకములో నొక్కటియే మిగిలిన పుస్తకము తమయొద్దనున్నదన్న గర్వము లోపలి మాట. పదుగురి చేతులలోనికి పోయినచో దానిని చూచుటకై యెవరును తమ గుమ్మము తొక్కరు. ఆ సంగతిని హైమవతితో చెప్పుటకు నోరు రాక, చెదలు తిన్నదని నేలచూపులు చూచుచు చెప్పిరి. ఆ నేలచూపులనే పిచ్చిపిల్ల దుఃఖమనుకొన్నది. అనుకొని యూరకుండక ఊరి కంతటికి తెలియునట్లు వ్రాసినది.

వెంటనే లేచి యా పుస్తకమును తీసికొనిపోయి ఆమె చేతిలో పెట్టవలెనని నిశ్చయించుకొని ఆచార్యులవారు పడమటిగదిలోనికి పోయి భోషాణము మూత యెత్తిరి. తడిమట్టివాసన గుప్పుమన్నది. అడుగున గోడవైపు చెదల మన్నుతీగలు ప్రాకియుండెను. పట్టుగుడ్డ పైకి నలుగకున్నను విప్పగనే లోపలినుండి మట్టియు కాగితపుపొడియు రాలెను. అట్టలు పోయినవి. దాసుగారి సంతకమున్న మొదటి పుట పోయినది. నడుమనున్న కొన్ని యాకులు మాత్రము చిల్లులు చిల్లులుగా మిగిలెను. వారు నేలపై చతికిలబడిరి.

వారి యింట ఏటేట వైశాఖమున పుస్తకములన్నిటిని పెరటిలో చాపలు పరచి యెండబెట్టి వేపాకును వసకొమ్ములును నడుమ నుంచి మరల సర్దుట పరిపాటి. ఈ యేడు హైమవతియు సాయమునకు వచ్చినది. ఆమె కంటబడునన్న భయమున ఆ యొక్క పుస్తకమును వారు ఎండకు తీయలేదు. తీసినచో బ్రతికియుండెడిది. చెదలు తిన్నదను అబద్ధమే చెదలను పిలిచి పీట వేసినది.

భర్త యెంతసేపటికిని రాకపోగా ఆండాళమ్మగారు వచ్చి చూచి సర్వమును గ్రహించిరి. ఆనాటి మాట వంటింటిలోనుండి ఆమెయు వినియే యుండిరి.

"ఇప్పుడు వెళ్లి చెప్పి ఆ పిల్ల మనసు కష్టపెట్టడం దేనికండీ? చెదలు తిన్నదన్నారు, తిన్నది. ఎప్పుడు తిన్నదో ఎవరు చూశారు?" అనిరి.

ఆ యాలోచన ఆమెకంటె ముందుగనే ఆచార్యులవారికి కలిగినది. అబద్ధము దానంతటది నిజమై వచ్చి చేయిపట్టుకొని, ఇక నీకు భయము లేదని చెప్పుచుండగా, క్షణకాలము తమకు హాయిగానుండిన మాటయు నిజము. ఎనుబది దాటిన పిదప తాము ఇంతటివారమని తెలిసికొనుట వారికి మిక్కిలి సిగ్గు కలిగించెను.

మరునాటి యుదయమున వాన కొంత తెరపియిచ్చినంతనే మిగిలిన యాకులను ఆ పట్టుగుడ్డలోనే మూటకట్టి, పలకను సంచిలో వేసికొని, గొడుగుపేటలోని హైమవతి యింటికి పోయిరి. ఆమె బల్లపై నొక శిథిలగ్రంథమును పరచి దీపములక్రింద ఫోటోలు తీయుచుండెను. గురువుగారిని చూచి లేచి తుండుగుడ్డ తెచ్చియిచ్చెను.

"వానలో మీరెందుకొచ్చారు మాస్టారూ? కబురు పెడితే నేనే వచ్చేదాన్నిగా. పలక బాగా పనిచేస్తోందా?"

"బాగుందమ్మా. నీ ముందుమాట చదివాను."

"ఏదో నాకు తోచింది రాశాను."

"అందులో ఒక అబద్ధం ఉంది. అది నీది కాదు. నాది."

మూటను బల్లపై నుంచి విప్పి జరిగినదంతయు చెప్పిరి. ఎండబెట్టిననాటి సంగతియు దాచలేదు. చెప్పునంతసేపు, ఈసారి, ఆమె ముఖమునే చూచుచు చెప్పవలెనని పూనికతో చూచిరి గాని సగములోనే చూపు దిగిపోయినది. హైమవతి యాకులను వ్రేలికొనతో జరిపి చూచెను.

"నేను అడిగిననాడు మొత్తం బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"నాన్న సంతకం కూడా?"

"ఉంది."

ఆమె కుర్చీలో కూర్చుండెను. మెల్లగా ననెను.

"ఉప్పెనలో మా ఇంట్లో పుస్తకాలన్నీ కొట్టుకుపోయినప్పుడు నాన్న ఏడవలేదండీ. అమ్మ ఏడిస్తే, ఎందుకే, మాస్టారి దగ్గర ఒకటుందిగా, అది మన దగ్గర ఉన్నట్టే అన్నారు. పోయేదాకా అదే ధైర్యంతో ఉన్నారు."

తిట్టినను ఆచార్యులవారు తట్టుకొనియుందురు. ఈ మాటకు పంచెకొంగుతో కన్నులొత్తుకొనవలెననిపించియు, తమకు ఏడ్చు హక్కుకూడ లేదని తోచి, ఊరకుండిరి.

"ఆ ముందుమాట దిద్దమ్మా" అనిరి.

"ఏమని దిద్దమంటారు?"

నలువది యేండ్లు పిల్లలచేత వ్యాసములు చెప్పి వ్రాయించిన నోట ఒక్క వాక్యము కుదురలేదు. ఒక మాట యెత్తుకొని విడిచిరి. మరియొక మాట యెత్తుకొనిరి. అదియు తమను కాచుకొనుటకు పనికివచ్చు మాటగనే యుండెను. తుదకు, "ఆయన ఇవ్వలేదు, దాచుకున్నారు అని రాయి. దాచుకున్నచోటే పాడైంది. పుస్తకాలను ప్రేమించేవారు అన్న మాట తీసెయ్యి" అనిరి.

హైమవతి యంత్రము ముందు కూర్చుండి యట్లే వ్రాసెను. ఓదార్పుగా నొక్క మాటయు చేర్చలేదు. చెప్పినదానికంటె నొక్క మాటయు కటువుగా వ్రాయలేదు. పిదప మిగిలిన యాకులను కుంచెతో దులిపి యొక్కొక్కటిగా దీపములక్రింద పరచి ఫోటోలు తీసి వానిని వరుసగా కూర్చి గురువుగారి పలకలోనికే యెక్కించెను. అంతయు ముగియువరకు ఆచార్యులవారు గోడప్రక్కన నిలువుగాళ్లమీద నిలిచియుండిరి. కూర్చుండుమని ఆమె యనలేదు. అనలేదని వారికి కోపము రాలేదు.

ఆమె పలకను వారి చేతికిచ్చి, "చదవండి మాస్టారూ. నాన్న కథ చెప్పినప్పుడు మీరు విన్నారుగా. నాకు ఆ వరసలు గుర్తులేవు" అనెను.

ఆచార్యులవారు చదువసాగిరి. ఒక పాదము చదివి రెండవపాదము నడుమ చెదలు తిన్నచోట నాగిరి. ఆ పోయిన మాట యేమో జ్ఞాపకము తెచ్చుకొనుటకు యత్నించిరి. అంతయు కంఠస్థమనుకొనిన తమ గర్వమునందు కూడ చిల్లులేయని యప్పుడు తెలిసినది. హైమవతి తొందరపెట్టక వేచియుండెను. చిల్లు అంచున నొక్క యక్షరపు తునక మిగిలినట్లు తోచి, అదియేమో చూచుటకై వారు రెండువ్రేళ్లు తెరపై మోపి విప్పిరి. తెర నల్లబడి మరల తెల్లవారినది. అక్షరము పెద్దదయ్యెను. దాని ప్రక్కనున్న రంధ్రమును అంతకంత పెద్దదయ్యెను.