ఐసు పెట్టిన మందు

రొయ్యలకు ఐసు పెట్టడంలో డేనియల్‌కు నరసాపురం చుట్టుపక్కల పేరుంది. దంచిన ఐసు మీద గుప్పెడు రాళ్ళుప్పు చల్లుతాడు. మర్నాడు పెట్టె తెరిచినా రొయ్య రాయిలా ఉంటుంది. అతని బతుకులో మెచ్చుకోదగ్గది అదొక్కటే. దాన్నీ కొన్నవాడెవడూ నోరు తెరిచి మెచ్చుకోడు.

భార్య సువార్తమ్మకు రెండు కిడ్నీలూ పోయాయి. డయాలసిస్ నడుస్తోంది గాని ఒంట్లో రక్తం పెరగడం లేదు. హిమోగ్లోబిన్ ఆరు దగ్గర చతికిలబడింది. ఒకప్పుడు ఆవిడ గుమ్మంలో తిట్లు మొదలెడితే వీధి చివర దాకా వినబడేవి. ఇప్పుడు "మీకు బుద్ధి" అని, మంచం పట్టె పట్టుకుని ఆయాసం తీర్చుకుంటోంది. మిగతాది డేనియలే పూరించుకోవలసి వస్తోంది.

రక్తం పడుతుందని అతను మేక కార్జం తెచ్చి పెట్టాడు. ఆవిడ దాన్ని పిల్లికి వేస్తోందని అనుమానించి, కనబడ్డవాళ్ళందరికీ చెప్పాడు. పిల్లి ఒళ్ళు చేసింది కూడా.

రక్తం పెరగడానికి ఇంజెక్షన్లు మొదలెట్టి మూడు నెలలు గడిచాక రిపోర్టులు పట్టుకుని ఒక్కడే రాజమండ్రి వెళ్ళాడు. డాక్టరు ప్రసన్నకుమారి ఓపిగ్గా చెప్పారు. ఎముక మూలుగలో రక్తకణాలను కనే తల్లికణాలు ఉంటాయట. వాటి చుట్టూ ఉన్న కణాలు పురిటింటి ఆడవాళ్ళలా చోటిచ్చి, కావలసినవి అందిస్తాయట. అంతా సిద్ధంగానే ఉన్నా, ఎర్రకణాలు కావాలన్న కబురు కిడ్నీ పంపాలట. ఆ కబురు ఒక ప్రోటీన్. కిడ్నీలు పోయాక అదే ఇంజెక్షన్‌గా ఇస్తున్నారు. డోసు పెంచారు, ఇనుము సరిపడా ఉంది, అయినా ఫలితం లేదు. మందు ఎక్కడ దాస్తున్నారని ఆవిడ అడిగారు.

డేనియల్ కొంచెం నిటారుగా కూర్చున్నాడు. "మా రొయ్యల పెట్టెలోనండి. ఉప్పేసి మరీ పెడతానండి. గాజు సీసాలో రాయిలా ఉంటదండి."

"రాయైనదాన్ని నర్సు ఎలా పొడుస్తోందండి?"

"చంకలో పెట్టుకెళ్తానండి. అక్కడికెళ్ళేసరికి కరిగిపోద్దండి."

డాక్టరుగారు రిపోర్టులు పక్కన పెట్టారు. "ఒకసారి గడ్డకడితే ఆ ప్రోటీన్ చెడిపోద్ది, డేనియల్ గారూ. కరిగినా పనిచెయ్యదు. మూడు నెలల్నించీ మూలుగకి కబురే వెళ్ళలేదు."

"ఐసు బాగానే పట్టిందండి," అన్నాడతను.

కొత్త మందు పక్కింటి ప్రిస్కిల్లా ఫ్రిజ్‌లో, పెరుగు గిన్నె పక్కన పెట్టించాడు. డీప్ ఫ్రీజర్‌లో వద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. రోజూ వెళ్ళి సీసాని తాకి చూసేవాడు. వేడిగానే అనిపించేది. రొయ్యైతే ఈపాటికి వాసనొచ్చేదని ప్రిస్కిల్లాతో గొణిగేవాడు. అసలు సంగతేంటని ఆవిడ అడిగితే చెప్పక తప్పింది కాదు. సువార్తమ్మకు మాత్రం చెప్పొద్దన్నాడు.

నెలన్నర దాటాక ఒక పొద్దున్న అతను సైకిల్ తీస్తుంటే సువార్తమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఈసారి దేన్నీ పట్టుకోలేదు.

"మీకు బుద్ధుందా అండీ? కట్టుకున్నదాన్నా, రొయ్యనా? మందుకి ఉప్పేసి ఐసు పెడతారా? పైగా నేను కార్జం తినట్లేదని ఊరంతా చెప్తారా?"

డేనియల్ సైకిల్ నడిపించుకుంటూ వీధి చివరికి వెళ్ళి ఆగాడు. ఇంకా వినబడుతోంది. అతను పూరించుకోవలసింది ఏమీ లేదు. అయినా కాసేపు అక్కడే నిలబడ్డాడు.