నోరులేని భానుమూర్తి గర్జన

ఫాల్గుణమాసపు ప్రాతఃకాలమున తూర్పుసముద్రముమీదుగా వీతెంచు లవణశీతలమారుతము కాకినాడ మేడలమీది తడిబట్టలను మెల్లగా కదలించుచుండ, అరుణిమ దాల్చుచున్న దిగంతమున కొంగలు బారులుబారులుగా సాగిపోవుచుండ, కన్నులున్నందుకు చూడదగిన యా శోభను చూచువారొక్కరును లేక సౌగంధికా అపార్టుమెంటు నివాసులెల్లరు తమతమ శయ్యలయందే యొత్తిగిలి యరచేతిలోని ఫోనులవంక కన్నులు చికిలించుచుండిరి.

ఆ భవనమున సొంత ఫ్లాటులు గలవారికి యజమానుల సంఘమను వాట్సాప్ గ్రూపు కలదు. అద్దెకుండువారికి దానియందు ప్రవేశము నిషిద్ధము. నీటిమోటారు నిమిత్తమై వీధియంతయు వినబడునట్లు తగవులాడు శేషారత్నమ్మ ఆ గ్రూపులో మాత్రము ప్రభాతవేళ గులాబీలు పంపుచు మమతామూర్తియై వెలయును. మద్యపుదుకాణములవలన నైశ్వర్యవంతుడైన వీరభద్రము వైరాగ్యవాక్యములు పంపును. గణపతి నవరాత్రుల వ్యయములో సింహభాగ మాతనిదే కావున నెల్లరు చేతులు జోడించిన బొమ్మలు కురిపింతురు. ఆ వాక్యమునే క్రిందియంతస్తు గుమాస్తా పంపెనా, చదివినవారు సైతము చదువనట్లే యూరకుందురు. మనుష్యుల తాహతు నెరిగి గాని పలుకుల విలువ కట్టని యీ సభ్యసమాజమును వర్ణింపబూనిన కలమునకే రోత పుట్టును.

అట్టి గ్రూపునకు నాలుకయై వెలసినవాడు భానుమూర్తి. రిజిస్ట్రారు కచేరిలో నుద్యోగము చేసి విశ్రాంతుడైన యాతడు ప్రత్యక్షమున నోటిలో నాలుక లేనివాడు. కూరగాయలవాడు పుచ్చువంకాయలు తూచినను వలదనలేక సంచిలో వేసికొని వచ్చును. లిఫ్టులో నెవరైన పలుకరించిన తన చెప్పులవంక చూచుచు నవ్వును. గ్రూపులోనో, ముఖచిత్రమునకు మారుగా జూలు విదిల్చిన సింహపుబొమ్మను నిలిపి యుద్ధతపదజాలముతో గర్జించును. ఉద్యోగకాలమం దెన్నడును లభింపని ప్రశంస నడవలో చెప్పులు విడుచువారిని తిట్టి వ్రాసిన తొలినాడే లభించుటతో ఆ రుచి మరిగి, తిట్టదగినవారికై నిత్యము వెదకుచుండెను.

ఆతని యెదురుఫ్లాటున నద్దెకుండునది సువార్త; ఆ భవనమున నద్దెవారు వేరెవరును లేరు. పాఠశాలలో ఉపాధ్యాయిని. ఇంటర్మీడియటు చదువుచున్న కుమార్తె షారోనుతో నివసించుచుండెను. భానుమూర్తి భార్య కాంతామణికి మధుమేహము. ప్రత్యుదయము నామె కిన్సులిన్ ఇచ్చువారు కావలసియుండ, సూదిని చూచిన మాత్రమున భానుమూర్తి చేయి వణకును. తన తల్లికి చేసి యలవాటుపడిన సువార్త పాఠశాలకు బోవుటకు మునుపు వచ్చి యా పని నిర్వర్తించి పోవుచుండెను. భానుమూర్తి యామెను నోరార అమ్మాయీ యని పిలుచును. ఆ పిలుపులో కపట మిసుమంతయు లేదు.

ఒక యాదివారము మధ్యాహ్నమున నెవరి వంటింటినుండియో ఎండుచేపల వాసన వెడలెను. సముద్రపుటొడ్డున నున్న పట్టణమున నది వింత గాదు. శేషారత్నమ్మ గ్రూపులో ముక్కు మూసికొన్న బొమ్మను పంపెను. వీరభద్రము ధర్మము నశించుచున్నదని శోకించెను. సింహమువారి పలు కింకను రాలేదే యని సెక్రటరీ వెంకటరాయు డెత్తిపొడిచెను. అంతట భానుమూర్తి భుక్తాయాసముతో వాలుకుర్చీలో చేరి యిట్లు వ్రాసెను:

“మత్స్యదుర్గంధముతో భవనమును కలుషితము చేయు సంస్కారహీనులకు ఉత్తములనడుమ నివసించు నర్హత లేదు. అట్టి యద్దెవారిని మాసాంతములోగా వెడలగొట్టవలయును.”

బొటనవ్రేళ్లు తండోపతండములుగ లేచెను. అద్దెవారనగా సువార్తయే యని యాతనికి తోచనైన తోచలేదు. వ్రాయునపు డాతని కండ్లయెదుట నున్నది ముఖము లేని యొక మూక. సెక్రటరీ యా వాక్యమునే తీర్మానముగా మార్చి హైదరాబాదున నున్న యెదురుఫ్లాటు యజమానికి లేఖగా పంపెను.

మరునా డుదయమున సువార్త యెప్పటివలెనే వచ్చి కాంతామణి చేతికి సూది వేసి దూది యదిమి లేచెను. గుమ్మముకడ నిలిచి తగ్గుస్వరమున ననెను:

“నేనూ ఆ గ్రూపులోనే ఉన్నానండి బాబాయిగారూ. మా ఓనరుగారు మెసేజీలు పడలేక, తన బదులు నా నెంబరు ఇచ్చేశారండి. పేరు బదులు ఫ్లాటు నెంబరే కనపడుతుంది గనక మీకెవరికీ తెలీదు.”

లోపలినుండి కాంతామణి తల యెత్తి చూచెను.

“మీరు రాసేవన్నీ చదువుతూనే ఉన్నానండి. అది మీరు కాదులే, గ్రూపులో అందరూ అలాగే మాట్లాడతారులే అని సరిపెట్టుకునేదాన్ని. నాకు మాటలు పడ్డం కొత్త కాదండి. పిల్లకి పరీక్షలు దగ్గరకొచ్చేశాయి. అవయ్యేదాకా ఉండనివ్వమని ఒక్క ముక్క రాయండి. మీరు రాస్తే వింటారు.”

ఆమె వెడలిన పిమ్మట భానుమూర్తి తన వ్రాతలను తొలినుండి చదివెను. ప్రతివాక్యమును సువార్త కన్నులతో చదువవలసి వచ్చెను. తాను గర్జన యనుకొన్నది వట్టి కక్కు. అంతకాలము దానిని చదువుచునే యామె తన యింటికి వచ్చి తన భార్య చేయి పట్టుకొనినది. చెరిపివేయబోగా పాతవాటికి గడువు దాటెనని ఫోను నిరాకరించెను. అంతట నాతడు తన మాటను వెనుకకు దీసికొనుచున్నానని వ్రాసెను.

“సింహంగారు మెత్తబడ్డారే!” అని యొకడు వ్రాసెను. “చేపలకూర వాటా అందిందేమో” అని వీరభద్రము ధర్మపన్నములు వల్లించు ఆ వ్రేళ్లతోనే వ్రాసెను. దానిక్రింద నవ్వుబొమ్మలు పురుగులవలె మూగెను. శేషారత్నమ్మ గులాబీ పంపు చోటనే వాంతి చేసికొను బొమ్మను పంపెను.

భానుమూర్తి వెంకటరాయని తలుపు తట్టెను. సెక్రటరీ నవ్వుమోముతో కూర్చుండబెట్టి కాఫీ యిప్పించెను.

“సువార్త టీచరుగారా? బంగారమండి ఆవిడ! నాకేవన్నా పగా చెప్పండి? మీరు రాశారు గనక మేవంతా వేలెత్తాం. ఇప్పుడు కాదంటే గ్రూపు పరువేం గాను? అంతగా అయితే మీటింగులో అందరి ముందూ మీరే చెప్పండి.”

ఏ గడప యెక్కినను నదే మర్యాద, అదే చేతులు దులుపుకొనుట. ప్రత్యక్షమున నొక్కరును దుష్టులు గారు. గ్రూపులో నొక్కరును మనుష్యులు గారు. ఆదివారపు సభలో భానుమూర్తి లేచి నిలిచెను. నేల మాళిగలో ప్లాస్టిక్ కుర్చీలనిండ ముఖములు. అందరును తనవంకనే చూచుచుండిరి. “అంటే... ఆ అమ్మాయి... పరీక్షలు...” అని చెప్పులవంక చూచి కూలబడెను. తీర్మానము తీర్మానముగనే నిలిచెను.

మాసాంతమున సువార్త సామానులు ఆటో యెక్కెను. ఊరిచివర దొరకిన యింటినుండి కళాశాల మిక్కిలి దూరమని తెలిసియు షారోను పుస్తకములను గోనెసంచిలో సర్దుకొనెను. బయలుదేరబోవుచు సువార్త యెదురింటి తలుపు తట్టి లోనికి వచ్చెను.

“రేపట్నుంచి మీరే వెయ్యాలి కదండీ బాబాయిగారూ. రండి, ఒకసారి చూపించేసి వెళ్తాను.”

ఆమె యాతని చేత సిరంజి పెట్టి, వ్రేళ్ల నెట్లు నిలుపవలయునో తన వ్రేళ్లతో సవరించెను. భానుమూర్తి కన్నీరు నించుకొని సూదిని భార్య చేతికడకు గొనిపోయెను. కొన్ని దినములుగ ఆతని ఫోను నడిగి పుచ్చుకొని ఆ వ్రాతల నన్నిటిని చదువుచున్న కాంతామణి చటాలున చేయి వెనుకకు లాగుకొనెను.

“మీ చేత్తో వద్దండి,” అనెను. పిమ్మట సువార్తవైపు తిరిగి, “నాకే నేర్పమ్మా. నేనే వేసుకుంటాను.”

సువార్త భానుమూర్తి చేతినుండి సిరంజిని మెల్లగా తీసికొని కాంతామణి చేతిలో నుంచెను. ఆ యిల్లాలు పండ్లు బిగించి తన శరీరమున తానే సూది గ్రుచ్చుకొనెను. ముఖము చూడక వ్రాసిన మాటకు ముఖము చూచి బదులు చెప్పుకొనవలసిన దినము ప్రతివానికి నొకటి వచ్చును. వలదనబడిన తన చేతిని ఎచట దాచుకొనవలయునో తెలియక భానుమూర్తి దానిని గోడవైపునకు త్రిప్పుకొని నిలిచియుండెను.