తీగ కట్టిన మీట

చెయ్యి ఇంకా ప్రెస్సు కిందే ఉంది. పరుగెత్తుకొచ్చిన మేస్త్రీ కరెంటు ఆపలేదు, పిల్లను పట్టుకోలేదు. జేబులోంచి కటింగ్ ప్లయర్ తీసి ముందు ఎడమ మీటకు చుట్టిన రాగితీగను కత్తిరించాడు. ఆ ముక్క జేబులో వేసుకున్నాకే, "ఎవరైనా వచ్చి పట్టుకోండి" అని కేకేశాడు.

పక్క మిషను మీదున్న వదిన ఇదంతా కళ్లారా చూసింది. నలిగిన చెయ్యి ఆమె ఆడపడుచుది. ఆ పిల్ల "వదినా, వదినా" అని పిలవడం విని విని, వయసుతో పనిలేకుండా షాపంతా ఆమెను వదినే అంటుంది.

స్టీలు పళ్లేలు అచ్చుగుద్దే షాపు అది. ప్రతి ప్రెస్సుకూ రెండు మీటలు. రెండు చేతులతో రెండూ నొక్కితేనే అచ్చు దిగుతుంది. అంటే చెయ్యి లోపలుండగా దిగే వీల్లేదు. ఒక మీటను తీగతో బిగించి కడితే ఒక చెయ్యి ఖాళీ అవుతుంది. ఆ చేత్తో రేకు తోస్తూ ఈ చేత్తో అచ్చు దించుకోవచ్చు. పని పరుగెడుతుంది.

ముసలి మేస్త్రీ ఉన్నన్నాళ్లూ తీగ మాటే లేదు. పొద్దున్నే ప్రతి మిషను మీదా తనే కూర్చుని మొదటి పళ్లెం తీసి, "ఊఁ, ఇక కూర్చోమ్మా" అనేవాడు. ఎవరి మిషను మొరాయించినా ఆయన లేచేవాడు, ఆయన్ను చూసి పక్కవాళ్లూ లేచేవాళ్లు. పని నెమ్మదని ఆయన్ను సాగనంపారు. కొత్తగా వచ్చిన ఈ మేస్త్రీ అద్దాలగదిలో కూర్చుని, ఎవరివి ఎక్కువో ఎవరివి తక్కువో గోడ మీద బోర్డు పెట్టించాడు. తీగ కట్టుకోమని నోటితో ఎన్నడూ అనలేదు. ముక్కలు కోసి మిషన్ల మీద పెట్టి వెళ్లేవాడు, అంతే. ఏడాది తిరక్కుండానే షాపు బుద్ధి మారిపోయింది. నూనెగుడ్డలు దాచుకోవడం, ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోవడం. పక్క మిషను ఆగితే లోలోపల సంతోషం. వదినకూ కలిగింది ఆ సంతోషం, అదీ సొంత ఆడపడుచు మిషను ఆగినప్పుడు.

మేనేజరు వదినను పిలిపించాడు. "తీగ ఆ పిల్లే తెచ్చి కట్టుకుందని విచారణలో చెప్పు. నీ ఉద్యోగానికి ఢోకా లేదు. కాదంటే ఇద్దరూ ఇంటికే. ఆస్పత్రి కూడా మీరే చూసుకోండి."

మధ్యాహ్నం అందరూ కుళాయి దగ్గర చేరారు.

"వాడు కట్టమన్నాడా ఏంటి? మనమే ఎగబడి కట్టుకున్నాం" అంది బోర్డురాణి. రోజూ బోర్డులో పైనుండేది ఆమే, అందుకే ఆ పేరు.

"నీకేం తల్లీ. నీ పేరు పైనుంది, దాని వేళ్లు కిందున్నాయి" అంది ఒకామె.

"నువ్వు కట్టలేదూ?"

"కట్టాను. సిగ్గులేక కట్టాను. ముసలాయనే ఉంటేనా..."

"ఉంటే ఉంటే అని ఏడిస్తే ఆయన దిగొస్తాడా?" అంది వదిన. ఆమె అంత గట్టిగా మాట్లాడటం ఎవరూ వినలేదు. "మంచోడొస్తే మంచిగా, చెడ్డోడొస్తే చెడ్డగా... మనకంటూ ఏమీ లేదా? రేపు ఉన్నది ఉన్నట్టు చెబుదాం. ఇకమీద ఎవరూ తీగ ముట్టొద్దు."

"చెప్పడం తేలికే. పూట గడిచేదెట్లా?" అని బోర్డురాణి లేచిపోయింది.

మర్నాడు విచారణకు సర్కారు అధికారి వచ్చేసరికి షాపులో తీగముక్క లేదు, అన్నీ మేస్త్రీ జేబులోకి చేరాయి. "ఎవరు కట్టారు?" అని అడిగాడాయన.

"కట్టుకున్నది మేమే సార్. ఇచ్చింది మేస్త్రీ" అంది వదిన.

"తీగ ఏదమ్మా? నాకేం కనబడలేదే" అంటూ ఆయన అద్దాలగదిలోకి టీకి వెళ్లాడు.

పొద్దుటినుంచీ పని వెనకబడిందన్న తొందరలో మేస్త్రీ చెయ్యి అలవాటు ప్రకారం జేబులోకి పోయింది. అధికారి టీ తాగుతుండగానే ఒక్కో మిషను మీదా ఒక్కో తీగముక్క పెట్టుకుంటూ పోయాడు. వదిన వాటన్నిటినీ ఏరుకుని వెళ్లి అధికారి సాసరులో పోసింది.

"ఇవిగో సార్. ఇప్పుడే పెట్టాడు, మీ ఎదురుగానే."

"నేను చూడలేదు."

"అద్దమే కదా సార్ మధ్యలో."

ఆయన కప్పు పక్కకు జరుపుకున్నాడు. పిల్లదే తప్పని రాసి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం షిఫ్టులో ఎవరూ తీగ కట్టలేదు. రెండు చేతులు, రెండు మీటలు. పళ్లేలు నిదానంగా పడుతున్నాయి. మేనేజరు అరిచాడు, బతిమాలాడు, చివరికి పోలీసులకు ఫోను చేశాడు. పని చెడగొడుతోందని వదినను రెక్క పట్టుకుని వ్యానెక్కించారు.

మేస్త్రీ బోర్డురాణి ముందుకొచ్చి తీగముక్క పెట్టాడు. "నువ్వు కట్టి మొదలెట్టు. నిన్ను చూసి అందరూ కడతారు."

బోర్డురాణి ఆ తీగ వంక చూసింది. తర్వాత చేతులు తుడుచుకుని, మిషను ఆపి, గేటు దాటి వ్యాను మెట్టు ఎక్కింది.

"ఏయ్, నిన్నెవరు ఎక్కమన్నారు?" అన్నాడు కానిస్టేబులు.

"ఎవరూ అనలేదు" అంది ఆమె. "కాస్త జరుగు వదినా. వెనకాల వస్తున్నారు."