ఆధారపడిన బిడ్డ

వీసా ఆఫీసులో కూతురు అన్న ఒక్క మాటతో తన ఇన్నాళ్ళ పాట్లన్నీ నీళ్ళపాలయ్యాయని తెలిసేసరికి, ఆమె డిపోలో తన బస్సు కడిగిస్తోంది. బ్రష్షుల రొదలో అక్క గొంతు సరిగ్గా వినపడలేదు.

"ఏమందీ?" అని ఫోన్లో అరిచింది.

"నేనెవరి మీదా ఆధారపడనండీ అందట," అంది అక్క. "మీ అమ్మ మీద ఆధారపడి ఉన్నావా అని ఆ అధికారి అడిగితే, ఇదీ దీని సమాధానం. నన్ను లోపలికి రానివ్వలేదే, రానిస్తే దీని నోరు నొక్కేసేదాన్ని."

"ఆ వీసా పేరే ఆధారపడిన బిడ్డ వీసా కదక్కా! దానికి దరఖాస్తు పెట్టుకుని, నేను ఆధారపడను అంటే వాళ్ళేమనుకుంటారు?"

"అదే నేనూ అన్నాను. అబద్ధం ఎలా చెప్తాను పెద్దమ్మా అంటోంది."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. బస్సు తలుపుని ఒక్క తన్ను తన్నబోయి, మర్నాడు నడపాల్సింది తనేనని గుర్తొచ్చి కాలు దించింది.

భర్త పోయేనాటికి పిల్ల ఇంకా బడికి కూడా వెళ్ళడం లేదు. ఆమె సరుకు రవాణా ఆఫీసులో చిల్లర పనులు చేస్తూనే వ్యాను నడపడం నేర్చుకుంది, తర్వాత లారీ. పరాయి దేశంలో సిటీ బస్సులకి డ్రైవర్లు కావాలన్నారని తెలిసినప్పుడు పిల్లని అక్క చేతుల్లో పెట్టి బయల్దేరింది. ఏడాది తిరక్కుండా తెచ్చేసుకుంటానని మాటిచ్చింది. తీరా వెళ్ళాక తెలిసింది, పిల్లని రప్పించాలంటే ఉద్యోగం పర్మినెంటు కావాలి, పిల్లకి విడిగా ఒక గది ఉండాలి. గదున్న ఇల్లు దొరికేసరికి కంపెనీ చేతులు మారింది. ఉద్యోగం ఖాయమయ్యేసరికి ఇంటివాడు ఇల్లు అమ్ముకున్నాడు. చచ్చీచెడీ అన్నీ ఒక దారికి తెచ్చేసరికి పిల్లకి పదహారు నిండాయి. పద్దెనిమిది దాటాయంటే ఇక చట్టం దాన్ని బిడ్డగా లెక్కపెట్టదు.

ఇక ఆ పిల్ల సంగతి. ఇంట్లో దాన్ని అందరూ మేనేజరమ్మ అంటారు. పెద్దమ్మకి వేళకి మందులిచ్చేది అదే, నీళ్ళు రాకపోతే ఆఫీసుకెళ్ళి పోట్లాడేది అదే, చుట్టుపక్కల పిల్లలకి లెక్కలు చెప్పి తన పుస్తకాలు తనే కొనుక్కునేదీ అదే. అడక్కుండానే అన్నీ చక్కబెట్టేస్తుందని తల్లి ఇన్నాళ్ళూ నలుగురికీ చెప్పుకుని మురిసిపోయింది.

ఆ సాయంత్రం ఫోన్లో ఆ మురిపెం మచ్చుకైనా లేదు.

"ఔనండీ అంటే నీ సొమ్మేం పోయిందే?"

"అడిగినదానికి జవాబు చెప్పానమ్మా. ఎవరి మీదా ఆధారపడకు, నీ కాళ్ళ మీద నువ్వు నిలబడు అని చిన్నప్పట్నుంచీ నూరిపోసింది నువ్వే కదా."

"నీ కాళ్ళ మీద నిలబడమన్నాను గానీ, వెళ్ళి నా నెత్తి మీద నిలబడమన్నానా?"

అవతల కిసుక్కున నవ్వు వినపడింది. ఆమె ఫోను పెట్టేసింది. కాసేపటికి మళ్ళీ తనే చేసింది, తిన్నావా అని అడగడానికి.

ఉన్నంతలో మేలేమిటంటే, దరఖాస్తు పూర్తిగా కొట్టేయలేదు. తల్లీకూతుళ్ళిద్దరూ కలిసి ఇంకోసారి హాజరు కావాలన్నారు. ఆ సంగతి మాట్లాడటానికి ఆమె డ్యూటీ దిగి, యూనిఫాంలోనే తన దరఖాస్తు చూస్తున్న లాయరమ్మ దగ్గరికి వెళ్ళింది. చెప్పుల దుకాణం పైన ఇరుకు గది. కుర్చీల మీద కూడా ఫైళ్ళే. లాయరమ్మ ఒక దొంతర నేల మీదకి దించి ఆమెని కూర్చోబెట్టింది.

"మీ అమ్మాయి చదువు సంగతులు ఎవరు నిర్ణయిస్తారు?"

"అదే చూసుకుంటుందండీ."

"ఒంట్లో బాగోకపోతే డాక్టరు దగ్గరికి?"

"మా అక్క తీసుకెళ్తుంది. ఒక్కోసారి అదే వెళ్ళొచ్చేస్తుంది."

"మరి మీరు?"

"రోజూ ఫోన్ చేస్తానండీ."

"ఫోన్ చేసి?"

"తిన్నావా అని అడుగుతాను."

"ఏమంటుంది?"

"నువ్వు తిన్నావా అని నన్నే అడుగుతుంది."

లాయరమ్మ కళ్ళజోడు తీసి, కళ్ళు నలుపుకుంది. "చూడండీ, మీకు ప్రేమ ఉందని నాకు కనపడుతూనే ఉంది. వాళ్ళకి కావలసింది ప్రేమ కాదు, పెత్తనం. ఆ పిల్ల మీద పెత్తనం మీదేనని వాళ్ళకి తెలియాలి."

"పెత్తనమా? దాని మీదా?" అంది ఆమె నీరసంగా.

బయటికొచ్చి మెట్లు దిగుతూ ఆ చట్టాన్నీ, దాన్ని రాసినవాళ్ళనీ నోటికొచ్చినట్టు తిట్టుకుంది. బస్టాపులో నిలబడ్డాక తిట్లు అయిపోయాయి. పిల్ల విషయంలో తను నిర్ణయించింది ఏమైనా ఉందా అని ఎంత ఆలోచించినా, అక్క దగ్గర వదలడం తప్ప ఇంకోటి తట్టలేదు. తన బస్సు కాకపోయినా అలవాటు కొద్దీ డ్రైవరు వెనక సీట్లోనే కూర్చుని, ఇల్లు చేరేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయింది.

సూపర్‌వైజరు కాళ్ళావేళ్ళా పడి సెలవు పుచ్చుకుని ఊరికి వెళ్ళింది. గుమ్మంలో ఎదురొచ్చిన కూతురు ఆమె కంటే జానెడు ఎత్తుంది. కావలించుకుని ఏడుద్దామనుకుంటే, "ముందు స్నానం చేసి రామ్మా, నీళ్ళు తోడాను," అంటూ పెట్టె అందుకుని లోపలికి పోయింది.

మర్నాడంతా తల్లి దానికి తర్ఫీదు ఇచ్చింది.

"నేనే అధికారిని అనుకో. మీ అమ్మ మీద ఆధారపడి ఉన్నావా?"

"ఏ విషయంలోనండీ?"

"అలా ఎదురు ప్రశ్నలు వెయ్యొద్దన్నానా?"

"తెలియకుండా ఎలా చెప్పనమ్మా?"

"అక్కా, దీన్ని ఇన్నేళ్ళు ఎలా భరించావే?" అంది ఆమె నెత్తి కొట్టుకుంటూ.

"నీ పోలికే," అంది అక్క వంటింట్లోంచి.

వీసా ఆఫీసులో అద్దం వెనక అధికారి, అతని పక్కన నడివయసు దుబాసీ. అధికారి మెల్లగా, మర్యాదగా అడుగుతున్నాడు. దుబాసీ తెలుగులో చెబుతున్నాడు. మొదటి ప్రశ్నలు సజావుగానే సాగాయి. పిల్ల కూడా బుద్ధిగా ఔనండీ, కాదండీ అంటోంది. ఆమె ఊపిరి పీల్చుకుంటుండగా అధికారి వైద్య పరీక్షల కాగితం తిప్పాడు.

"ఈ ఏడాది అమ్మాయి ఎడమ చెయ్యి విరిగిందట. ఆసుపత్రిలో సంతకం ఎవరు పెట్టారు?" అని తెలుగు చేశాడు దుబాసీ.

"చెయ్యి విరగడమేంటి? ఎవరి చెయ్యి?" అంది తల్లి.

పిల్ల తల దించుకుంది. "నాదే. మెట్ల మీద జారాను. పెద్దమ్మ పెట్టింది సంతకం. అతుక్కుపోయిందిలే అమ్మా."

"అతుక్కుపోయిందిలేనా? రోజూ వీడియోలో నీ మొహం చూస్తూనే ఉన్నాను కదే!"

"మొహమే కదా చూశావు. చెయ్యి కింద పెట్టుకున్నాను. పెద్దమ్మని కూడా చెప్పొద్దన్నాను."

ఆ తర్వాత ఆమెకి అద్దం కనపడలేదు, అధికారీ కనపడలేదు. "నీ తల పగలగొడతాను! ఎవరిచ్చారే నీకీ పెద్దరికం? నేను బతికున్నాననుకున్నావా, పోయాననుకున్నావా?"

అధికారి దుబాసీ వైపు తిరిగాడు. ఇంటి గొడవేనండీ అన్నట్టు దుబాసీ చెయ్యి ఊపబోయాడు. ఒక్క ముక్క వదలకుండా చెప్పమన్నాడు అధికారి. పాపం దుబాసీ చెమటలు తుడుచుకుంటూ, అమ్మాయి తల గురించి తల్లి ఆందోళన పడుతోందని మొదలుపెట్టాడు.

"ఇక మీదట గోరు చిట్లినా నాకు చెప్పాలి. ఆ ట్యూషన్లూ గీషన్లూ కట్టిపెట్టు."

"మానను. చెప్తే ఏం చేస్తావు? అన్నీ వదిలేసి విమానం ఎక్కేస్తావు. నీ ఉద్యోగం పోతే మళ్ళీ మొదటికొస్తుంది. మళ్ళీ ఇల్లు వెతకాలి, మళ్ళీ..." పిల్ల తల్లి వైపు తిరిగింది. "కట్టు కడుతున్నప్పుడు అమ్మ ఏదీ అని నర్సు అడిగింది. ఏం చెప్పను? ఆధారపడదామన్నా మనిషి దగ్గరుండాలి కదమ్మా!"

అని, చిన్నపిల్లలా మొహానికి చేతులడ్డం పెట్టుకుని బావురుమంది. దుబాసీ ఆ చివరి మాట మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె కూతురి ఎడమ చెయ్యి అందుకుని, ఎముక ఎక్కడ విరిగిందో వెతుకుతున్నట్టు మణికట్టు దాకా తడిమింది. తిట్టడం మాత్రం ఆపలేదు, గొంతు తగ్గించింది అంతే.

అధికారి ఇంకేమీ అడగలేదు. కబురు పంపిస్తామన్నాడు.

"అంతా నాశనం చేశాం," అంది ఆమె బయటికొచ్చాక.

"నువ్వే మొదలుపెట్టావు," అంది పిల్ల ముక్కు చీదుతూ.

కబురు వారాల తరబడి రాలేదు. తిరిగి వెళ్ళిపోయిన ఆమె ఫోన్ చేసినప్పుడల్లా, 'మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది' అని రికార్డు చేసిన గొంతు. ఆ గొంతు మనిషిది అయ్యుంటే ఎప్పుడో కొట్టేదాన్ని అని లాయరమ్మతో అంది. చివరికి ఒక మధ్యాహ్నం వీసా మంజూరైందని లాయరమ్మే చెప్పింది. కారణం ఏమీ రాయలేదట. ఆమె డిపో వెనక టైర్ల గుట్ట మీద కూర్చుని కాసేపు ఏడ్చి, మొహం కడుక్కుని బస్సెక్కింది.

పిల్ల వచ్చింది. వస్తూనే మంచం ఆ గోడకి ఉంటే వెలుతురు బాగుంటుందంది. ఇద్దరూ కలిసి జరిపారు. కిటికీ తలుపు తెరుచుకోవడం మానేసింది. మళ్ళీ జరిపారు.

బడిలో చేరే రోజు పొద్దున, తోడొస్తానంటే వద్దంది. దారి చూసుకున్నానంది. సరేనని ఆమె డ్యూటీకి తయారై, ఊరికే ఓసారి కిటికీలోంచి చూసింది. వీధి మలుపులో కొత్త సంచీ వేసుకుని కూతురు నిలబడి ఉంది. ముందుకీ పోవడం లేదు, వెనక్కీ రావడం లేదు. పక్కనుంచి ఈ దేశపు పిల్లలు గుంపుగా, తమ భాషలో గలగలా మాట్లాడుకుంటూ పోతున్నారు. పిలుద్దామని నోరు తెరిచి, ఆగిపోయింది. ఆలస్యమైతే సూపర్‌వైజరు ఊరుకోడని తెలిసినా కిటికీ దగ్గర్నుంచి కదల్లేదు.

కాసేపటికి మెట్ల మీద అడుగులు వినపడ్డాయి. తలుపు తోసుకుని వచ్చింది పిల్ల.

"అమ్మా, నువ్వు కూడా రా."

"ఇప్పుడా చెప్పడం? నా బస్సు ఎవడు తీస్తాడే, మీ తాతా?" అంది ఆమె, సూపర్‌వైజరుకి ఫోన్ కలుపుతూనే చెప్పులు వెతుక్కుంటూ.