గొడుగుకో చిన్న సవరణ

నెలకోసారి, రెండో శనివారం సాయంత్రం, మా గ్రంథాలయం మేడమీద గదిలో కొంతమంది పెద్దవాళ్లు చిన్నపిల్లల్లా పోట్లాడుకుంటారు. తాళాలు నా దగ్గరుంటాయి కాబట్టి వాళ్లు వెళ్లేదాకా నేనూ ఉండాలి. మొదట్లో ఒళ్లు మండేది. ఇప్పుడు ఆ శనివారం కోసం నెలంతా ఎదురుచూస్తాను గానీ, ఆ మాట వాళ్లతో అనను. అంటే నెత్తికెక్కి కూర్చుంటారు.

వాళ్లది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ల సంఘం. అంటే ఏమిటో వాళ్లు చెబుతుంటే నాకు బుర్ర తిరిగింది. చివరికి అర్థమైంది ఇది: వంట గుట్టు దాచుకోని ఇల్లు. ఎవరైనా వంటగదిలోకి వచ్చి మూత తీసి చూడొచ్చు. ఉప్పు తగ్గిందనొచ్చు. ఊరికే అనడం కాదు, చిటికెడు ఉప్పు తెచ్చి 'ఇదిగో, వేసుకుంటారా?' అనొచ్చు. వేసుకోవడం, వేసుకోకపోవడం ఇంటావిడ ఇష్టం. ఆ చిటికెడు ఉప్పునే వీళ్లు సవరణ అంటారు.

ప్రతి నెలా ఒకరు ఏదో ఒక విషయం మీద మాట్లాడతారు. అదయ్యాక, టీలు తాగాక, అసలు వేడుక మొదలవుతుంది. దాని పేరు ఉతుకుడు. ఎవరో పంపిన సవరణ ఒకటి గోడమీద వేసి, పంపినవాళ్ల పేరు దాచేసి, ఒక్కొక్క వరసా పైకి చదువుతూ అందరూ కలిసి ఉతికి ఆరేస్తారు. రాసిన మనిషి ఆ గదిలోనే ఉన్నా సరే, చదవడం పూర్తయ్యేదాకా నోరు విప్పకూడదు. పూర్తయ్యాక "ఎవరిదండీ?" అంటే లేచి నిలబడాలి, అక్కడికక్కడే దిద్దాలి. సంఘం పెట్టినప్పటి నుంచీ ఈ కట్టుబాటు తప్పలేదు. పేరు దాస్తే సిగ్గుండదని వాళ్ల నమ్మకం. నేనైతే ఎవరి చెవులు ఎర్రబడుతున్నాయో చూసి మొదటి వరసకే చెప్పేస్తాను.

మా తమ్ముడూ ఆ సంఘంలో మనిషే. లిఫ్టులు బాగుచేస్తాడు. ఎన్ని అంతస్తుల ఎత్తునైనా తాడు పట్టుకుని వేలాడతాడు గానీ, అక్కడొక అమ్మాయి "బాగున్నారా?" అంటే మాత్రం వాడి నోట్లో నాలుక ఉండదు. ఆ అమ్మాయి మందుల షాపులో ఫార్మసిస్టు. తను రాసిన ప్రోగ్రాం పేరు గొడుగు. పొద్దున్నే ఫోన్‌లో తెరిస్తే, ఇవాళ గొడుగు తీసుకెళ్లాలా, అక్కర్లేదా, అంత మాత్రమే చెబుతుంది. మా వీధిలో సగం మంది దాన్ని నమ్ముకునే గడప దాటతారు. మా తమ్ముడు మండుటెండల్లో కూడా రోజూ తెరుస్తాడు. తెరిచి ఊరుకోడు, 'ఇవాళ వాన లేదంది, నిజంగానే లేదు, తప్పేమీ కనబడలేదు' అని ఆ అమ్మాయికి రాసి పంపుతాడు. తప్పులుంటే రాయమని పెట్టిన చోట తప్పు లేదని రాసే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, వంటగది గుమ్మంలో నిలబడి, "అక్కా, పంపించేశాను" అన్నాడు.

"ఏం పంపావురా?"

"గొడుగుకో సవరణ. ఆవిడ తెరిచినప్పుడు, ఆ రోజు వానుంటే, పెళ్లి చేసుకుందామా అని అడుగుతుంది."

నా చేతిలో గిన్నె ఠంగుమని కింద పడింది. "నోటితో అడగడానికి నీకేం రోగం?"

"నోటితో అయితే తడబడతాను. ఇదైతే ఆవిడ ఇంట్లో ఒక్కర్తీ కూర్చుని చదువుకుంటుంది. ఇష్టం లేకపోతే మొహమాటం లేకుండా పక్కన పడేయొచ్చు."

వెర్రివాడైనా మంచి ఆలోచనే చేశాడనుకున్నాను. "దానికి పైన పేరేదో పెట్టాలిగా, ఏం పెట్టావు?" అన్నాను. వాడు గడపకేసి చూస్తూ, "వాన రోజులకు చిన్న సవరణ" అన్నాడు.

పెళ్లి మాటకి అలాంటి పేరు పెట్టిన మనిషి ఈ భూమ్మీద వీడొక్కడే అయి ఉంటాడు. పైన ఏమీ లేనట్టుండాలి, లోపల అన్నీ ఉండాలి, అదీ వీడి తెలివి! నవ్వాపుకోలేక గోడకి ఆనుకున్నాను. వాడు మాత్రం నవ్వలేదు.

"తను వద్దంటే?" అన్నాను.

"ఇంక సంఘానికి రాను అక్కా. రాలేను."

అప్పుడు నాకూ నవ్వు ఆగిపోయింది. రోజంతా లిఫ్టు గుంతల్లో ఒంటరిగా పనిచేసే మనిషి వాడు. నోరారా నవ్వే చోటు మా మేడమీద గది ఒక్కటే. అది కూడా పోతే వాడికిక మిగిలేది ఆ గుంతలే.

వారమంతా జవాబు లేదు. ఊరినిండా జ్వరాలు, మందుల షాపు ముందు ఇసకేస్తే రాలనంత జనం. పాపం ఆ అమ్మాయికి తల దువ్వుకునే తీరిక ఉందో లేదో. శనివారం రానే వచ్చింది.

ఆ నెల మాట్లాడింది పళ్ల డాక్టరమ్మ. ఎక్స్‌రేలు దాచుకోవడానికి ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఒకటి ఎలా వాడుకుంటోందో చెప్పింది. నెత్తిన ఒక్కటిస్తే గానీ వెలగని మా ప్రొజెక్టర్ నెత్తిన రెండిచ్చి, గోడంత దవడ చూపించింది. ఎవరి దవడో గానీ చాలా పాడైపోయింది. టీ తాగేటప్పుడు బిస్కెట్లు ఎవరూ ముట్టుకోలేదు.

ఆ తర్వాత ఫార్మసిస్టు లేచింది. "ఈసారి ఉతుకుడికి నా గొడుగుకి వచ్చిందొకటి తెచ్చానండీ. తీరిక లేక నేను కూడా ఇంకా తెరవలేదు. చిన్నదే. మీతోపాటే చదువుదామని" అంటూ తన లాప్‌టాప్‌కి తీగ తగిలించింది.

గోడమీద పెద్ద అక్షరాలు పడ్డాయి: వాన రోజులకు చిన్న సవరణ.

తమ్ముడి మొహంలో నెత్తురు చుక్క లేదు. నోరు విప్పితే కట్టుబాటు తప్పినట్టు, విప్పకపోతే కొంప మునిగినట్టు. వాడు నావైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. చిన్నప్పుడు గోడెక్కి దిగలేనప్పుడు అలాగే చూసేవాడు.

లెక్కల మాస్టారు కళ్లద్దాలు సర్దుకున్నారు. ఆయన రిటైరై చాలా కాలమైంది గానీ గొంతు ఇంకా రిటైరు కాలేదు. ఉతుకుడులో చదివేది ఎప్పుడూ ఆయనే. ఆయన గొంతు సవరించుకునేలోపు నేను మెట్లమీద ఉన్నాను. కింద కరెంటు మెయిన్ ఉంది, దాని జోలికి వెళ్లే అధికారం నాకొక్కదానికే ఉంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ అధికారం ఎందుకైనా పనికొచ్చిందంటే ఆ రోజే. ఠప్పున దించేశాను. భవనమంతా చీకటి.

పైనుంచి మాస్టారి గొంతు, "కంగారు పడకండి! లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది. అందరూ దగ్గరికి రండి!"

బరబరమని కుర్చీల చప్పుడు. నేను రొప్పుకుంటూ పైకొచ్చేసరికి అందరూ ఒకరిమీద ఒకరు పడి ఆ చిన్న తెర చుట్టూ మూగారు. ఆ తోపులాటలో మా తమ్ముడు సరిగ్గా ఆ అమ్మాయి పక్కన, భుజం తగిలేంత దగ్గర ఇరుక్కుపోయి ఉన్నాడు. పెనం మీద ఉన్నవాణ్ణి నా చేతులారా పొయ్యిలో పడేశాను. మళ్లీ కిందికి దిగి మెయిన్ ఎత్తాను. ఇంకేం చేయను?

నేను తిరిగొచ్చేసరికి ఎవరో ప్రొజెక్టర్ నెత్తిన ఒక్కటిచ్చి వెలిగించారు, చదువు మొదలైంది.

"తెరిచింది ఈ ప్రోగ్రాం రాసినావిడే అయితే..." మాస్టారు చదివారు.

"ఆవిడకే ఎందుకు? మిగతావాళ్లం మనుషులం కాదా?" అంది డాక్టరమ్మ.

"ఉండమ్మా. ఆ రోజు వాన కూడా ఉంటే, ఈ కింది మాట చూపించాలి." మాస్టారు తరగతిలో లెక్క చదివినట్టు చదివేశారు. "ఈ గొడుగు కిందికి నేనూ రావచ్చా? ఇవాళొక్క రోజుకి కాదు. పెళ్లి చేసుకుందామా?"

ఆ అమ్మాయి చెయ్యి నోటికి అడ్డం వెళ్లింది. ఇప్పుడు ఎవరైనా కుర్చీ లాగి "మనం బయల్దేరదామా" అంటారని నేను ఎదురుచూశాను. మామూలు మనుషులైతే అదే చేస్తారు.

"ప్రశ్నలు రెండున్నాయి" అన్నారు మాస్టారు. "జవాబు మాత్రం ఒక్కటే అడిగాడు. సరే అంటే దేనికి సరే అన్నట్టు? రావడానికా, పెళ్లికా?"

"అది పెద్ద లోపమే" అని వెనక నుంచి ఎవరో.

"అంతకంటే పెద్దది కిందుంది చూడండి." డాక్టరమ్మ వేలు పెట్టి చూపించింది. "వద్దంటే ఏమవుతుంది?"

మాస్టారు కింది వరసలు చూశారు. పైకి చూశారు. మళ్లీ కిందికి చూశారు. "వద్దంటే... మళ్లీ అదే ప్రశ్న వస్తుంది."

"సరే అనేదాకా అడుగుతూనే ఉంటుందా? ఇది అడగడం కాదండీ, ప్రాణాలు తోడెయ్యడం!"

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. అయినా డాక్టరమ్మ అన్నదాంట్లో తప్పు వెతుకుదామంటే దొరకలేదు. ఫార్మసిస్టు నోటిమీద చెయ్యి తీసింది. మొహం మందారంలా ఉంది గానీ గొంతు మాత్రం మందుల చీటీ చదివినంత స్పష్టంగా ఉంది.

"వద్దనడానికి దారి లేని ప్రశ్నకి నేను జవాబు చెప్పను."

"ఎవరిదండీ ఇది?" అన్నారు మాస్టారు, కట్టుబాటు ప్రకారం.

తమ్ముడు లేవక్కర్లేదు, ఇరుక్కుని నిలబడే ఉన్నాడు. చెయ్యెత్తాడు. గదంతా "ఓ!" అంది. "పొరపాటేనండీ" అన్నాడు, నిజంగానే తడబడుతూ. "మిమ్మల్ని విసిగించాలని కాదు. వద్దు అన్నచోట ఏం రాయాలా అని చాలా సేపు చూశాను. చేతులు రాలేదు. అక్కడ ఖాళీగా వదిలేస్తే మళ్లీ మొదటికే వెళుతుందని గమనించుకోలేదు."

"ఇప్పుడు రాయండి" అంది ఆ అమ్మాయి, లాప్‌టాప్ వాడివైపు తిప్పి.

వాడు కూర్చున్నాడు. లిఫ్టు తీగలు పట్టుకునే ఆ మొద్దువేళ్లు ఒక్కొక్క అక్షరమే కొడుతుంటే గదిలో అందరూ మెడలు సాచి చూశారు. ముందు రెండు ప్రశ్నల్లో ఒకటి కొట్టేసి, పెళ్లిది ఉంచాడు. "భేష్" అన్నారు మాస్టారు. తర్వాత ఆ ఖాళీ నింపి లేచాడు.

ఆ అమ్మాయి కుర్చీ లాక్కుంది. వాన పడుతున్నట్టు అనుకోమని ప్రోగ్రాంకి చెప్పి నడిపింది. గోడమీద ప్రశ్న వచ్చింది. తను 'వద్దు' అని కొట్టింది.

"అయ్యో!" అన్నాను నేను, అందరికంటే గట్టిగా.

గోడమీద మా తమ్ముడి జవాబు: మంచిదండీ. ఈ ప్రశ్న ఇంకెప్పుడూ రాదు. గొడుగు మర్చిపోకండి, బయట వాన పడుతోంది.

డాక్టరమ్మ కూడా ముక్కు తుడుచుకుంది. నేను మా తమ్ముణ్ణి చూడలేక ప్రొజెక్టర్ని చూశాను.

"పరీక్ష చేశానంతే" అంది ఆ అమ్మాయి, నావైపు తిరిగి. "మందు ఇచ్చేముందు కూడా అంతేనక్కా. పడకపోతే ఏమవుతుందన్నదే మొదట చూస్తాం."

ఎప్పుడూ 'మేడమ్' అనే పిల్ల అక్కా అంది. విన్నది నేనొక్కదాన్నే కాబోలు.

ప్రోగ్రాం మళ్లీ నడిపింది. మళ్లీ ప్రశ్న వచ్చింది. ఈసారి ఒక్క క్షణం ఆగి, 'సరే' అని కొట్టింది.

గోడనిండా ఎర్ర అక్షరాలు బిలబిలమని దిగాయి. ప్రోగ్రాం చతికిలబడింది. వెనక నుంచి ఎవరో పకపకా నవ్వారు, ఆ తర్వాత గదంతా నవ్వింది. నాకు నవ్వాలో వాణ్ణి నాలుగు తగిలించాలో తెలియలేదు.

"సరే అంటే ఏం చూపించాలో ఆ మాటే ఎక్కడా లేదు" అంది ఆ అమ్మాయి. "ఇది ఒక్కసారైనా నడిపి చూశారా?"

"లేదండీ."

"ఎందుకని?"

"చూడాలంటే సరే అని నేను కొట్టాలి కదా. మీ బదులు నేను కొట్టడం బాగుండదనిపించింది."

నవ్వులు ఆగిపోయాయి. ఆ మాట వాడు తడబడకుండా అన్నాడని నాకు తర్వాతెప్పుడో తట్టింది. ఆ అమ్మాయి తెరమీది ఎర్ర అక్షరాలన్నీ తుడిచేసింది. "ఎండల్లో కూడా తప్పు లేదని రాసి పంపేవారు" అంది. "అవన్నీ చదివేదాన్ని. షాపు మూసేశాక, రోజూ."

తర్వాత కుర్చీ ముందుకి జరుపుకుని, ఆ లేని మాట తనే రాసింది. రాసి, మొదటి నుంచి నడిపి, 'సరే' అని కొట్టింది.

గోడమీద పడింది: అయితే పెద్ద గొడుగు కొనాలి.

ఆ గదిలో అంత గోల నేనెప్పుడూ వినలేదు. మాస్టారు ప్రొజెక్టర్ నెత్తిన తబలా వాయించారు. ఎవరో నన్ను కావలించుకున్నారు, ఎవరో ఇప్పటికీ తెలియదు. ముట్టుకోని బిస్కెట్లన్నీ గాల్లోకి లేచాయి. ఆ ముక్కలన్నీ ఊడ్చాల్సింది నేనేనని తెలిసినా, నేనూ రెండు విసిరాను.

"పెద్దదంటే ఎంత? కొలత రాయలేదు" అంది డాక్టరమ్మ, కళ్లు తుడుచుకుంటూ.

అందరూ వెళ్లాక ఆ ఇద్దరూ మిగిలారు. తీగలు చుడుతున్నామన్నారు. ఒక్క తీగ చుట్టడానికి అంత సేపా అని అడగలేదు, నాకూ బుద్ధి ఉంది. గుమ్మం దగ్గర తాళంచెవులు వెతుకుతున్నట్టు నటిస్తూ నిలబడ్డాను.

"ఆ వద్దు అన్న దారి తీసేయమంటారా?" అన్నాడు మా తమ్ముడు. "ఇంక అవసరం లేదు కదా."

"ఉండనివ్వు" అంది తను. అప్పుడే నువ్వులోకి దిగిపోయింది. "అది రాశావు కాబట్టే సరే అన్నాను."

వాళ్లు మెట్లు దిగేదాకా ఆగి, నేను దీపాలార్పి, మెయిన్ దించి తాళం వేశాను.