ఏడో ప్రశ్నకు జవాబు

మంగళవారం పొద్దున, అమెరికాలో ఒక కొండలోయలో ఉన్న చిన్న ఊళ్ళో, షెరీఫ్ ఆఫీసు కౌంటర్ దగ్గరికి ఒకావిడ ఏడు నెలల పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చింది. కారులో పసిపిల్లల్ని కూర్చోబెట్టే సీట్లు ఇక్కడ ఉచితంగా ఇస్తారటగా అని అడిగింది. ఏటా వసంతంలో ఇస్తారు. ఆఫీసు గుమాస్తా ఓపల్ స్ట్రిక్లర్ ఫారం, పెన్నూ ఆమె ముందుకి జరిపింది.

ఆమె పేరు మెర్సినా. మార్షల్ దీవుల నుంచి వచ్చి కోళ్ళ ఫ్యాక్టరీలో పనికి కుదిరిన కుటుంబాల్లో ఒకటి వాళ్ళది. ఆమె రాస్తున్నంతసేపూ పిల్లాడు దగ్గుతూనే ఉన్నాడు. చిన్న ఒళ్ళు, దగ్గు మాత్రం పెద్దవాళ్ళది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

ఓపల్ ఫారం తీసుకుని చిరునామా చదివింది. 418, హాగ్ స్ప్రింగ్ రోడ్డు. ఇంకోసారి చదివింది.

"ఇల్లు బాగుందా అమ్మా?"

"బాగుంది మేడం. ఓనరు కొత్తగా రంగు వేయించాడు. కొంచెం వాసన, అంతే. కిటికీలు తెరిచి పెడుతున్నాం."

"ఎంతమంది ఉంటున్నారు?"

"తొమ్మిది మందిమి. నవంబరులో వచ్చాం."

ఓపల్ సీటు తెచ్చి ఇచ్చింది. బెల్టు ఎలా బిగించాలో చూపించింది. పిల్లాడి బుగ్గ గిల్లి పంపించింది. చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు. ముందు ఫైలు చూడాలి కదా అని తనకి తనే నచ్చజెప్పుకుంది. ముప్పై ఏళ్ళు ఆఫీసులో పనిచేసినవాళ్ళకి ఆ సాకు ఎప్పుడూ చేతికందేలానే ఉంటుంది.

ఫైలు చూడకుండానే ఆమెకి అంతా తెలుసు. పోయిన ఏడాది మార్చిలో ఇద్దరు అన్నదమ్ములు ఆ ఇంట్లో మత్తుమందు వండుతూ దొరికిపోయారు. అలాంటి ఇళ్ళమీద దాడి చేయడానికి కౌంటీకి, అంటే ఈ జిల్లాకి, ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది. ఆ గ్రాంటు వెంట ఒక పర్యావరణ పరిశీలన ఫారం కూడా వస్తుంది. వండినవాళ్ళని పట్టుకుంటే చాలదు, ఆ వంటతో ఇంటికి పట్టిన విషాలు నేలలోకీ, నీళ్ళలోకీ, మనుషుల్లోకీ పోకుండా ఏం చేశారో రాసివ్వాలి. ఏడు ప్రశ్నలు. ఇకమీదట ఆ ఇంట్లో ఉండబోయేవాళ్ళకి ప్రమాదం సంగతి తెలియజేశారా అన్నది ఏడోది. దాని ఎదురుగా ఓపల్ గుండ్రటి అక్షరాలతో రాసిన జవాబు: అవును. కింద ఆమె సంతకం.

రాసినప్పుడు అది అబద్ధమని ఆమె అనుకోలేదు. ఆ లోయలో ఎవరికైనా ఏదైనా కాగితమ్మీద చెప్పడమంటే అవమానించడమే. దాడి జరిగిన రోజు వాసన చర్చి దాకా కొట్టింది. మధ్యాహ్నానికల్లా హోటల్లో అందరి నోటా అదే మాట. ఆరోగ్యశాఖలో పనిచేసే లోవెల్‌కి ఉత్తరం రాయాలి, కానీ ఆదివారం చర్చి భోజనాల్లో వరసలో తన ముందే నిలబడినవాడికి ఉత్తరమేమిటి? చెప్పింది. "అలాగేలే ఓపల్," అన్నాడు, బంగాళాదుంపలు వడ్డించుకుంటూ. తలుపుకి కొట్టిన హెచ్చరిక రేకు వేసవికల్లా మాయమైంది. ఎవరూ మళ్ళీ కొట్టలేదు. ఎందుకు కొట్టడం, అందరికీ తెలిసిందేగా! ఆ అందరిలో కోళ్ళ ఫ్యాక్టరీ కోసం బస్సుల్లో దిగిన మూడొందల మంది లేరన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు.

ఓపల్ షెరీఫ్ గదిలోకి వెళ్ళి తలుపేసింది. షెరీఫ్ గేలన్ ప్రూయిట్, ఆమె ఒకే బడిలో చదువుకున్నవాళ్ళు.

"రాయిస్ టాకెట్ హాగ్ స్ప్రింగ్ రోడ్డులో తన ఇల్లు అద్దెకిచ్చాడు," అంది. "తొమ్మిది మంది ఉన్నారు. పసివాడు కూడా."

గేలన్ బూటుకాళ్ళు బల్లమీంచి దించాడు. "వాడికి సిగ్గుందా అసలు?"

"వాడికెప్పుడుంది? వాణ్ణి వదిలెయ్, ముందు వాళ్ళకి చెప్పాలి."

"చెబుదాం. గురువారం దాటనీ." గేలన్ గొంతు తగ్గించాడు. "గ్రాంటు ఫైళ్ళు తనిఖీ చెయ్యడానికి రాజధాని నుంచి ఆవిడ వచ్చేది గురువారమే కదా? ఒక్క ఫైలు తప్పని తేలినా గ్రాంటు ఆపేస్తారు. మన డిప్యూటీ పోలీసులు కోడీ, డ్వేన్ ఇద్దరి జీతాలూ దాంట్లోంచే. నీ సంతకం సంగతి నేను వేరే చెప్పాలా?"

"పిల్లాడు దగ్గుతున్నాడు గేలన్."

"పిల్లలు దగ్గక ఏం చేస్తారు? మా మనవడి ముక్కు తుడవలేక మా ఆవిడ ఛస్తోంది. నాలుగు నెలలకి పైగా ఉన్నారు, రెండ్రోజుల్లో కొంపేం మునగదు. గురువారం సాయంత్రం నేనే వెళ్ళి ఖాళీ చేయిస్తా, సరేనా?"

ఓపల్ సరే అంది. గేలన్ బలవంతం చేశాడని తర్వాత చెప్పుకోవడానికి కూడా లేదు. బతిమాలాడంతే. ఆమెకి కావాల్సింది కూడా ఎవరో ఒకరు బతిమాలడమే.

గురువారం తొమ్మిదింటికి రాజధాని నుంచి తనిఖీ అధికారి హారియెట్ వచ్చింది. సన్నగా, మర్యాదగా, తన కాఫీ తనే తెచ్చుకున్న మనిషి. మధ్యాహ్నం దాకా ఫైళ్ళు తిరగేసి, "ఇంత శుభ్రమైన రికార్డు నేను ఇంకే కౌంటీలోనూ చూడలేదు ఓపల్ గారూ," అంది. వెళ్ళేముందు ఆనవాయితీగా రెండు ఫైళ్ళు బయటికి లాగింది. అందులో రెండోది హాగ్ స్ప్రింగ్ రోడ్డుది.

"ఈ ఇంట్లో విషాలు పోయాయని పరీక్ష చేసిన కాగితం కనిపించడం లేదు."

"పరీక్ష ఇంకా చెయ్యలేదండీ."

"ఎవరైనా ఉంటున్నారా అందులో?"

అడిగిన తీరులో కరుకుదనం లేదు. కళ్ళజోడు మీదుగా చూస్తూ, ఏ జవాబు వచ్చినా రాసుకోవడానికి సిద్ధంగా ఉంది. గేలన్ గుమ్మంలో నిలబడి నేలకేసి చూస్తున్నాడు. ఓపల్‌కి ఆ దగ్గు గుర్తొచ్చింది. కోడీ పెళ్ళాం నెలలు నిండి ఉందన్న సంగతీ గుర్తొచ్చింది. అన్నిటికంటే ముందు మాత్రం తన గుండ్రటి చేతిరాతే కళ్ళముందుకొచ్చింది. అదే ఆమె సిగ్గు, ఆ తర్వాత ఎంత కడిగినా పోని సిగ్గు.

"లేదండీ. ఖాళీ."

హారియెట్ టిక్కు పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆమె కారు మలుపు తిరగగానే ఓపల్ తాళాలు తీసుకుంది. "సాయంత్రం నేను వెళ్తానన్నానుగా," అన్నాడు గేలన్. ఆమె బయటికి నడిచింది.

హాగ్ స్ప్రింగ్ రోడ్డు ఇంటి ముందు తాడు మీద బట్టలు ఆరుతున్నాయి. లోపల మెర్సినా ఒక్కతే, సంచిలో చిన్న చిన్న చొక్కాలు సర్దుతోంది. కొత్త రంగు కింద నుంచి వాసన ఇంకా వస్తోంది. ఆ ఘాటు ఓపల్ ఎరిగిందే.

"బాబేడీ?"

"ఆసుపత్రిలో, మేడం. నిన్న పొద్దున తీసుకెళ్ళాం, ఊపిరి ఆడలేదు. మా ఆయన అక్కడే ఉన్నాడు. నేను బట్టల కోసం వచ్చా."

ఓపల్ కూర్చోలేదు. నిలబడే చెప్పేసింది. ఇంట్లో ఏం వండారో, గోడల్లో ఏముందో, పిల్లల్ని ఇవాళే బయటికి తీసుకెళ్ళిపోవాలని. మెర్సినా చొక్కా మడత పెడుతూ వింటోంది. మడత సరిగ్గా రాలేదు. విప్పి మళ్ళీ పెట్టింది.

"డాక్టరు నిన్న అడిగింది," అంది చివరికి. "ఇంట్లో పొగ ఉందా, మందులున్నాయా, ఏదైనా వాసనా అని. రెండుసార్లు అడిగింది. లేదు, కొత్త రంగు వేసిన మంచి ఇల్లు అని చెప్పా. నేనే చెప్పా."

"నీకు తెలీదు కదమ్మా."

"మీకు ఎలా తెలుసు?"

"అందరికీ తెలుసు."

"అందరికీ అంటే?" మెర్సినా గొంతు పెరగలేదు. "మేం వచ్చిన వారం చర్చి నుంచి ఇద్దరు ఆంటీలు భోజనం తెచ్చారు. ఆ సోఫాలోనే కూర్చున్నారు. బాబుని ఎత్తుకున్నారు. వాళ్ళకీ తెలుసా?"

"తెలుసు."

"స్కూలు బస్సు నడిపే ఆయన? మా పిల్లలకి రోజూ చాక్లెట్లు ఇస్తాడు."

"తెలుసు."

"ఉత్తరాలు తెచ్చే ఆవిడ?"

ఓపల్ తల ఊపింది. చర్చి ఆంటీలిద్దరూ ఆమె స్నేహితులే. వాళ్ళు దుర్మార్గులు కారు. తెలిసిన సంగతి మళ్ళీ చెప్పడం ఆ లోయలో ఎవరికీ అలవాటు లేదు, అంతే. ఆ మాట పైకి అనబోయి, దాంట్లో ఎంత నీచత్వం ఉందో నోట్లోనే రుచి తెలిసి ఆగిపోయింది.

మెర్సినా ఫోను తీసి ఆసుపత్రికి కలిపింది. డాక్టరు లైన్లోకి వచ్చేదాకా ఆగి, ఫోను ఓపల్ చేతికిచ్చింది. "నాకు ఆ మందుల పేర్లు రావు. మీరు చెప్పండి."

ఓపల్ చెప్పింది. ఫైల్లో ఉన్న రసాయనాల పేర్లన్నీ ఆమెకి కంఠతా వచ్చు. అవతల డాక్టరు ఒక్కొక్కటీ మళ్ళీ పలికి రాసుకుంది.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?" అని అడిగింది.

మెర్సినా ఓపల్ నోటికేసే చూస్తోంది.

"ఇల్లు సంగతి ఏడాది నుంచి," అంది ఓపల్. "వీళ్ళు ఇందులో ఉన్నారని మంగళవారం నుంచి."

అవతల యంత్రాల చప్పుడు వినిపించింది. ఎవరో డాక్టర్ని గట్టిగా పిలిచారు. డాక్టరు మళ్ళీ ఫోనులోకి వచ్చినప్పుడు గొంతు మారిపోయి ఉంది. బట్టలకని వెళ్ళిన పిల్లాడి తల్లి పక్కనే ఉందా అని అడిగింది. ఉందని చెబితే, రెండే రెండు మాటలు చెప్పి పెట్టేసింది.

"ఏమందీ?" అంది మెర్సినా. చొక్కా ఇంకా చేతిలోనే ఉంది.

"బాబుకి ఇక బట్టలు అక్కర్లేదంది," అంది ఓపల్. "నిన్ను వెంటనే రమ్మంది."